కారు హీటర్ చల్లగాలి ఊదుతోందా? డ్యాష్‌బోర్డ్ విప్పించే ముందు రెండు గొట్టాలు తాకి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తొమ్మిదేళ్ల పెట్రోల్ కారు. బండి ఆగి ఉన్నప్పుడు హీటర్ వేస్తే చల్లగాలే వస్తోంది. కాస్త వేగం అందుకున్నాక గోరువెచ్చబడుతోంది, సిగ్నల్ దగ్గర ఆగితే మళ్లీ చల్లారిపోతోంది. టెంపరేచర్ ముల్లు మామూలుగానే మధ్యలో ఉంది. మెకానిక్ చూసి "హీటర్ కాయిల్ పోయింది, డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పి మార్చాలి" అన్నారు. మార్పించాలా వద్దా అని అడిగారు.

ఇప్పుడే వద్దండి. మీరు రాసిన లక్షణాలకు మొదట అనుమానించాల్సింది కాయిల్‌ని కాదు. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గి, హీటర్‌లోకి గాలి చేరి ఉండొచ్చు. అదే నిజమైతే కొత్త కాయిల్ వేసినా కొన్నాళ్లకు మళ్లీ ఇదే పరిస్థితి. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను: కూలెంట్ మట్టం చూసుకునేదాకా ఆ బండితో దూరప్రయాణం పెట్టుకోకండి. ఇది చలికి ఇబ్బంది పడే సంగతి మాత్రమే కాదు, ఇంజన్‌ సంగతి కూడా.

ఎందుకంటే, కారు హీటర్‌కు సొంతంగా వేడి లేదు. ఇంజన్‌లో కాగిన కూలెంట్‌లో కొంత రెండు సన్న గొట్టాల ద్వారా డ్యాష్‌బోర్డ్ వెనక ఉన్న చిన్న రేడియేటర్‌లోకి వెళ్లి తిరిగొస్తుంది. హీటర్ కాయిల్, హీటర్ కోర్ అనేవి దానికే పేర్లు. బ్లోవర్ దాని మీదుగా గాలి ఊదుతుంది. ఈ కాయిల్ చాలా కార్లలో కూలెంట్ తిరిగే దారి మొత్తంలో ఎత్తైన చోట ఉంటుంది. నీరు కిందికి, గాలి పైకి. కూలెంట్ ఒక లీటరు తగ్గినా ఆ ఖాళీ ముందుగా వచ్చి కూర్చునేది అక్కడే. వాటర్ పంప్ ఇంజన్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ మెల్లగా నడుస్తున్నప్పుడు) దాని తోపు తక్కువ, ఆ గాలి బుడగను దాటించి కూలెంట్‌ను పంపలేదు. మీరు యాక్సిలరేటర్ తొక్కితే పంప్ వేగం పెరిగి కొంచెం వేడి నీరు లోపలికి వెళ్తుంది, గాలి వెచ్చబడుతుంది. మీ కారు చేస్తున్నది సరిగ్గా ఇదే.

ముల్లు మధ్యలోనే ఉంది కదా అని ధైర్యపడొద్దు. ఈ మధ్యకాలపు కార్లలో ఆ ముల్లు ఉన్నదున్నట్టు చూపదు. దాదాపు 75 నుంచి 105 డిగ్రీల వరకు ఎంతున్నా మధ్యలోనే నిలబడేలా చాలా కంపెనీలు దాన్ని అమర్చాయి, లేకపోతే ప్రతి చిన్న కదలికకూ జనం కంగారుపడతారని. పైగా కూలెంట్ బాగా తగ్గితే సెన్సర్ కొన నీళ్లలో కాకుండా గాలిలో ఉండిపోతుంది. అప్పుడు లోపల ఇంజన్ కాలిపోతున్నా ముల్లు తక్కువే చూపొచ్చు. వేడెక్కి హెడ్ (ఇంజన్ సిలిండర్ల పైన ఉండే లోహపు భాగం) వంగిపోయిన బండ్లు నా దగ్గరికి చాలానే వచ్చాయి. వాటి యజమానులను గుచ్చి గుచ్చి అడిగితే చాలామంది చెప్పిన మాట ఒకటే: "అవునండీ, దానికి వారం ముందు నుంచి హీటర్ సరిగా రావడం లేదు."

సరే, పనిలోకి వద్దాం.

మొదటి పని మట్టం చూడటం, అదీ ఇంజన్ పూర్తిగా చల్లారాక. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే చూడటం మంచిది. వేడి మీద రేడియేటర్ మూత తిప్పడం మాటే తలపెట్టకండి. మూత 1 బార్‌కు అటూఇటూగా ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. ఆ ఒత్తిడి వల్లే కూలెంట్ 100 దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణం ఒత్తిడి పోయి, ఉన్నదంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. అలా కాలిన చేతులు చూశాను, అందుకే ఇంతగా చెప్తున్నాను.

చాలామంది బానెట్ కింద కూలెంట్ నిల్వ ఉండే ప్లాస్టిక్ డబ్బా చూసి "నిండుగానే ఉంది" అని బానెట్ మూసేస్తారు. మీ కారులో రేడియేటర్‌కు విడిగా మూత ఉంటే అది కూడా తీసి చూడండి. ఇంజన్ చల్లారేటప్పుడు డబ్బాలోంచి కూలెంట్‌ను వెనక్కి పీల్చుకోవడానికి ఆ మూతలో ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. ఆ వాల్వ్ బిగుసుకుపోయినా, డబ్బాకు వెళ్లే సన్న గొట్టం చిట్లినా పీల్చుకోవడం ఆగిపోతుంది. అప్పుడు డబ్బా నిండుగా, రేడియేటర్ ఖాళీగా ఉంటాయి. రేడియేటర్ మూతే లేకుండా ఒత్తిడి పట్టే డబ్బాకే మూత ఉన్న కార్లలో ఈ గొడవ లేదు, గీతల మధ్య మట్టం ఉంటే సరే.

రెండో పని గొట్టాలు తాకి చూడటం. మట్టం సరిగ్గా ఉంటేనే ఈ పరీక్షకు అర్థం ఉంటుంది, తక్కువుంటే ముందు నింపి గాలి తీయండి (ఎలాగో కింద చెప్తాను). ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టి, బ్లోవర్‌ను మధ్యస్థంగా తిప్పండి. బండి ఆరుబయట ఉండాలి, మూసిన షెడ్డులో ఇంజన్ నడపకూడదు. బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న ఇనుప గోడలోకి వెళ్లే బొటనవేలంత లావు రబ్బరు గొట్టాలు రెండు పక్కపక్కనే కనిపిస్తాయి. రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది, చేతులూ బట్టలూ దానికి దూరంగా ఉంచండి. గొట్టాలను గుప్పిట పట్టకండి, వేలితో తట్టినట్టు తాకి తీసేయండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది, కానీ దాన్ని రబ్బరు మీదే గురిపెట్టాలి. మెరిసే లోహం మీద అది తప్పు అంకె చూపిస్తుంది.

ఇక ఆ రెండు గొట్టాలు చెప్పేది వినండి.

రెండూ బాగా వేడిగా ఉన్నాయంటే కాయిల్‌లో కూలెంట్ చక్కగా తిరుగుతోంది. లోపం గాలి దారిలో ఉంది. డ్యాష్‌బోర్డ్ లోపల ఒక తలుపు లాంటి ఫ్లాప్ ఉంటుంది, గాలిని కాయిల్ గుండా పంపాలా పక్కనుంచి పంపాలా అనేది దాని పని. పాత కార్లలో దాన్ని కేబుల్ లాగుతుంది, కొత్తవాటిలో చిన్న మోటార్ తిప్పుతుంది. మోటార్ పళ్లు అరిగితే నాబ్ తిప్పినప్పుడల్లా లోపల టకటకమని చప్పుడు వస్తుంది. డ్రైవర్ వైపు వేడిగా, పక్క సీటు వైపు చల్లగా వస్తున్నా ముందుగా ఈ మోటార్ల సంగతే చూడండి. ఒకసారి ఒకాయన అచ్చం మీలాగే, కాయిల్ మార్చాలని చెప్పించుకుని మా దగ్గరికి వచ్చారు. గొట్టాలు రెండూ చేయి కాలేంత వేడిగా ఉన్నాయి. కిందికి వంగి చూస్తే కేబుల్ తన క్లిప్‌లోంచి ఊడి వేలాడుతోంది. అంతకు ముందు వారం మ్యూజిక్ సిస్టమ్ మార్చినవాళ్ల చెయ్యి తగిలి ఊడింది. దాన్ని మళ్లీ క్లిప్‌లో నొక్కడానికి పట్టింది రెండు నిమిషాలు.

ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే కూలెంట్ కాయిల్ దాకా వచ్చి అవతలికి పోవడం లేదు. కొన్ని కార్లలో ఈ గొట్టం మధ్యలో హీటర్ వాల్వ్ ఉంటుంది. అది మూసుకున్న చోటే బిగుసుకుందేమో చూడండి. వాల్వ్‌కు ముందు వేడి, తర్వాత చల్లన ఉంటే దోషి అదే. వాల్వ్ లేకపోయినా, ఉండి తెరుచుకునే ఉన్నా, కాయిల్ పూడుకుపోయిందని అర్థం. రెండు గొట్టాల మధ్య పది పదిహేను డిగ్రీల తేడా ఉండటం మామూలే, గాలి ఆ వేడిని తీసుకెళ్తుంది కదా. తేడా ముప్పై దాటితే నేను పూడికనే అనుమానిస్తాను.

పూడినంత మాత్రాన మార్చేయాలని లేదు. ముందు కడిగి చూడండి. గొట్టాలు రెండూ ఊడదీసి, కూలెంట్ బయటికి వచ్చే వైపు నుంచి నీళ్లు పెట్టాలి. ప్రవాహానికి ఎదురు దిశలో అన్నమాట. అప్పుడు లోపల ఇరుక్కున్న మడ్డి వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. అవతలి చివర బకెట్ పెట్టి చూస్తే మొదట తుప్పు రంగు నీళ్లు, ఒక్కోసారి జిగురు ముద్దలు వస్తాయి. తర్వాత దిశ మార్చి, మళ్లీ మార్చి, నీళ్లు తేటపడేదాకా చేయాలి. నీటి ఒత్తిడి తక్కువగా ఉండాలి. కంప్రెసర్ గాలి పెట్టి ఊదేవాళ్లున్నారు, పాత కాయిల్ అతుకులు దానికి ఆగవు. మంచి కాయిల్‌ని లీకు చేసుకున్నట్టవుతుంది. యాసిడ్ కూడా వద్దు. గొట్టం ఊడి రాకపోతే బలవంతంగా మెలితిప్పకండి, లోపలి పైపు వంగితే ఖర్చు పెరుగుతుంది. రబ్బరును బ్లేడుతో నిలువునా చీల్చి తీసి, కొత్త గొట్టం వేసుకోవడమే తెలివైన పని.

కాయిల్ ఎందుకు పూడుతుందో కూడా తెలుసుకోండి. కూలెంట్ బదులు ఏళ్ల తరబడి కుళాయి నీళ్లు పోయడం మొదటి కారణం. రెండోది, లీకు ఆపే పొడులూ ద్రావణాలూ. రేడియేటర్‌లోని చిల్లును పూడ్చే మందుకు కాయిల్‌లోని సన్న దారిని పూడ్చకూడదని తెలియదు. బండి వాడినంతకాలం అలాంటిది ఒక్క చుక్క కూడా పోయొద్దని నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లకూ చెప్తాను. మూడోది, పొసగని రెండు రకాల కూలెంట్లు కలపడం. కొన్ని రకాలు కలిస్తే జెల్లీలా గడ్డకడతాయి. రంగు ఒకటైతే రకం ఒకటేనని అనుకోకండి, రంగుకూ రసాయనానికీ ఖాయమైన లెక్క లేదు. ఓనర్ మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ చూసే కొనండి.

రెండు గొట్టాలూ గోరువెచ్చగానే ఉంటే అసలు ఇంజనే వేడెక్కడం లేదు. ఇది థర్మోస్టాట్ పని. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు రేడియేటర్ దారి మూసి ఉంచి, 82 నుంచి 95 డిగ్రీల మధ్య (ఇంజన్‌ను బట్టి మారుతుంది) తెరుచుకోవడం దాని వంతు. తెరిచిన చోటే ఇరుక్కుపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్‌లో చల్లబడుతూనే ఉంటుంది. దీని లక్షణం మీ కారు లక్షణానికి పూర్తిగా వ్యతిరేకం: ఆగి ఉంటే హీటర్ కాస్త వెచ్చగా, రోడ్డెక్కి ఎదురుగాలి తగలగానే చల్లగా. స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే పరికరం) పెడితే చాలాసార్లు పి0128 అనే కోడ్ కనిపిస్తుంది, కూలెంట్ ఉండాల్సినంత వేడెక్కడం లేదని దానర్థం. చవకైన స్కానర్‌ను ఫోన్‌కు కలిపి అసలు ఉష్ణోగ్రత ఎంతో చదవండి. పావుగంట నడిపాక కూడా 70 దాటకపోతే థర్మోస్టాట్ మార్చేయండి, గ్యాస్కెట్‌తో (అతుకు మధ్య ఉండే సీల్‌తో) సహా.

ఇక్కడొక అనుభవం. వేడెక్కుతోందని ఎవరో మెకానిక్ థర్మోస్టాట్‌ను ఏకంగా పీకేసిన బండ్లు అడపాదడపా వస్తుంటాయి. అప్పటికి వేడి తగ్గినట్టే ఉంటుంది. కానీ ఇంజన్ ఎప్పుడూ అరచల్లగా నడుస్తూ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, హీటర్ ఇక సరిగా పనిచేయదు. అలాగే సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. కాయిల్ లీకైనప్పుడు మార్చలేక, రెండు గొట్టాలనూ ఇంజన్ దగ్గరే ఒకదానికొకటి కలిపేసి అమ్మేస్తుంటారు. ఆ గోడ దగ్గర ఖాళీ పైపులు కనిపిస్తే మీ హీటర్ కథ అదీ.

ఇప్పుడు మీ కారుకు అసలైన ప్రశ్న. మట్టం తక్కువ ఉందనే తేలితే, కూలెంట్ ఎటు పోయింది? అది పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న దారిలో తిరిగేది తగ్గిందంటే ఎక్కడో కారుతోంది, లేదా ఇంజన్ లోపల కాలుతోంది.

బయటి లీకులు కళ్లకు దొరుకుతాయి. గొట్టాల క్లాంపుల దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ అతుకు దగ్గర, వాటర్ పంప్ కింద ఎండిన తెల్లటి లేదా రంగు మరక చూడండి. పంప్‌కు కావాలనే ఒక చిన్న రంధ్రం ఉంచుతారు, లోపలి సీల్ పాడైతే అందులోంచి చుక్కలు పడతాయి. కాయిల్ లీకు అయితే కారు లోపల తియ్యటి వాసన, ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు పొర, పక్క సీటు ముందు కార్పెట్ తడి. మీ మెకానిక్‌ను ఈ మూడింట్లో ఏది చూసి కాయిల్ పోయిందన్నారో అడగండి. ఏదైనా ఉంటే ఆయన మాట నిజం, కాయిల్ మార్చాల్సిందే. ఏదీ లేకపోతే, గొట్టాలు కూడా చూడకపోతే, ఆయన ఊహించి చెప్పారు.

ఎక్కడా తడి కనిపించకుండా కూలెంట్ తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కూ దాని కింది ఇంజన్ భాగానికీ మధ్య ఉండే సీల్) గురించి ఆలోచించాలి. ఇది నేను ఒకసారి తప్పుచేసి నేర్చుకున్నది. మీ బండిలాంటి లక్షణాలతోనే ఒక కారు వచ్చింది. కూలెంట్ నింపాను, గాలి తీశాను, హీటర్ చక్కగా వచ్చింది, పంపించేశాను. మూడు వారాలకు మళ్లీ వచ్చింది. ఆయిల్ శుభ్రంగా ఉంది, సైలెన్సర్‌లో తెల్ల పొగ లేదు. ఎక్కడో చిన్న లీకేలే అని క్లాంపులు బిగించి మళ్లీ పంపాను. మూడోసారి టో చేసుకుని తెచ్చారు, హెడ్ వంగిపోయింది. ఆయిల్‌లో నీళ్లు కలవకముందే, పొగ రాకముందే, గ్యాస్కెట్ సన్నగా చిట్లి సిలిండర్‌లోని మంట వాయువును కూలెంట్‌లోకి ఊదుతుంది. ఆ వాయువే పోయి హీటర్ కాయిల్‌లో చేరుతుంది. ఆ కుటుంబానికి అనవసరమైన పెద్ద ఖర్చు తెచ్చిపెట్టినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటినుంచి, కారణం తెలియకుండా కూలెంట్ తగ్గిన ప్రతి బండికీ రసాయన పరీక్ష చేస్తున్నాను. రేడియేటర్ మూతి మీద నీలిరంగు ద్రవం ఉన్న గొట్టం పెట్టి లోపలి ఆవిరిని దాని గుండా పీలుస్తారు. మంట వాయువు ఉంటే నీలం పసుపుగా మారుతుంది. పది నిమిషాల పని, తప్పకుండా చేయించండి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే రేడియేటర్ పైగొట్టం రాయిలా గట్టిపడినా, మూత తీసి నడిపితే బుడగలు ఎంతకీ ఆగకపోయినా అది కూడా అదే సూచన.

గాలి తీయడం ఎలాగంటే: ఇంజన్ చల్లగా ఉండగా ముందు చక్రాలను ఎత్తు మీదికి ఎక్కించండి, రేడియేటర్ మూతి అన్నిటికంటే పైకి రావాలి. హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టండి, వాల్వ్ ఉన్న కార్లలో అలా చేస్తేనే దారి తెరుచుకుంటుంది. కూలెంట్‌ను మెల్లగా, సన్నటి ధారగా పోయండి. గబగబా పోస్తే గాలి కిందే ఇరుక్కుంటుంది. కొన్ని ఇంజన్లకు గాలి వదిలే స్క్రూ ఉంటుంది, దాన్నుంచి బుడగలు పోయి నికరంగా కూలెంట్ కారేదాకా తెరిచి ఉంచి బిగించండి. మూతికి గరాటు పెట్టి ఇంజన్ స్టార్ట్ చేసి, మట్టం పడిపోయినప్పుడల్లా పోస్తూ ఉండండి. మధ్యమధ్యలో గొట్టాలను రబ్బరు బంతిలా నొక్కి వదిలితే దాక్కున్న బుడగలు పైకి వస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు మట్టం గభాలున పడుతుంది, కంగారుపడక నింపండి. రేడియేటర్ ఫ్యాన్ ఒకటి రెండుసార్లు తిరిగి ఆగాక ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి మూత బిగించండి. తర్వాత మూడు నాలుగు రోజులు పొద్దున్నే మట్టం చూడాలి. కొంచెం తగ్గి ఆగిపోతే అది మిగిలిన గాలి. రోజూ తగ్గుతూనే ఉంటే లీకు.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే దాదాపు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ముందే కలిపి అమ్మే రకం కొంటే మళ్లీ నీళ్లు కలపకండి. కింద ఒలికినది వెంటనే తుడిచేయండి. తియ్యగా ఉంటుందని పిల్లులూ కుక్కలూ నాకుతాయి, కొద్దిగా కడుపులోకి పోయినా వాటి కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో డబ్బాను అందని చోట పెట్టండి.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక్క మాట. పూర్తి ఎలక్ట్రిక్ కార్లకు ఇదేదీ వర్తించదు. వాటిలో హీటర్ హై వోల్టేజ్ కరెంట్ మీద నడుస్తుంది, నారింజ రంగు వైర్లు కనిపిస్తే చేయి పెట్టకుండా శిక్షణ పొందినవాళ్లకే అప్పగించండి. డీజిల్ కార్లు వేడెక్కడానికి సహజంగానే ఎక్కువసేపు తీసుకుంటాయి, ఐదు నిమిషాలకే హీటర్ రాలేదని లోపం అనుకోకూడదు. ఇక గాలి వేడిగానే ఉండి సన్నగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ మార్చి చూడండి.

మీరు మాత్రం రేపు పొద్దున్న ఇంజన్ స్టార్ట్ చేయకముందే మూత తీసి మట్టం చూడండి. తగ్గి ఉంటే ఎంత పోయాల్సి వచ్చిందో లెక్కపెట్టి రాసుకోండి. తర్వాత మళ్లీ ఎంత తగ్గుతోందో పోల్చి చూసుకోవడానికి అది పనికొస్తుంది. గాలి తీశాక ఐడిల్‌లో రెండు గొట్టాలూ ఎలా ఉన్నాయో, డ్యాష్‌బోర్డ్ వెనక నీళ్లు గలగలమన్న చప్పుడు వస్తోందో లేదో చూసి ఇక్కడే రాయండి. మట్టం నిండుగా ఉండి, ఒక గొట్టం చల్లగా ఉండి, రెండుసార్లు కడిగినా మారకపోతే అప్పుడు కాయిల్ మార్పిద్దాం. డ్యాష్‌బోర్డ్ ఎలాగూ విప్పుతారు కాబట్టి ఫ్లాప్ మోటార్లు, లోపలి ఫోమ్ సీళ్లు, ఆ రెండు రబ్బరు గొట్టాలు కూడా అదే చేత్తో చూడమని చెప్పండి.